వెనక నుంచి కారు గుద్దింది, ఆస్పత్రి కాగితంలో మాత్రం 'సైకిల్ మీంచి పడ్డాడు' అని ఉంది: ఇప్పుడేం చేయాలి?

కేసు పోలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. రెండు వారాలే అయింది కాబట్టి చేయాల్సినవన్నీ ఇప్పటికీ చేయొచ్చు. ఇంకో నెల ఇలాగే గడిస్తే మాత్రం సాక్ష్యాలు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చెప్పింది ఇదీ. ఆదివారం తెల్లవారుజామున మీ క్లబ్బు రైడ్‌లో వెనక నుంచి వచ్చిన కారు ఒక సభ్యుణ్ని గుద్దింది. కాలర్ బోన్ విరిగితే ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు. కారాయనే ఆస్పత్రికి తీసుకెళ్లి, మొదటి బిల్లు కట్టి, చేతిలో 20,000 పెట్టి, కేసు పెట్టొద్దని బతిమాలుకున్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. సైకిలుకి లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉండవు కాబట్టి పరిహారం రాదని ఎవరో అన్నారు. రైడ్ పెట్టింది క్లబ్బే కాబట్టి తమ మీదికేమైనా వస్తుందేమోనని నిర్వాహకులు భయపడుతున్నారు.

నేను ఎంవీఓపీలు, అంటే మోటారు ప్రమాదాల పరిహారం కేసులు చూసే లాయర్ని. చాలాకాలంగా ఒక సైకిల్ క్లబ్బులో ఉన్నాను కూడా. మీరు రాసినలాంటివి తరచూ నా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో చట్టం సైక్లిస్టుకి అడ్డుపడటం అరుదు. మొదటి రోజు కాగితాల్లో ఏం రాశారన్నదే ఎక్కువగా అడ్డుపడుతుంది.

లైసెన్స్ మాట ముందు తేల్చేద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి దానికి లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. అక్కర్లేనిది లేకపోవడం తప్పెలా అవుతుంది? థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సింది కారుకి. ఆ పాలసీ ఉన్నదే రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం, సైకిల్ తొక్కేవాళ్ల కోసం. హెల్మెట్ సంగతీ అంతే. 129వ సెక్షన్ మోటారు సైకిళ్ల గురించి చెబుతుంది, తొక్కే సైకిళ్ల గురించి కాదు. హెల్మెట్ మాత్రం పెట్టుకోవాల్సిందే. దాని అవసరం మీ తలకి, చలానా కోసం కాదు. బ్యాటరీ సైకిళ్ల దగ్గర జాగ్రత్త. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది సైకిల్ లెక్క. స్పీడ్ లిమిటర్ తీసేయించిన బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే. అప్పుడు లైసెన్స్ నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నీ అడుగుతారు. మీ క్లబ్బులో అలాంటి బండి ఉంటే ఆ సభ్యుడికి ఇప్పుడే చెప్పండి.

ఇక అసలు చిక్కు, ఆస్పత్రి కాగితం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ 'ఏమైంది?' అని అడుగుతారు. గాయపడినాయన నొప్పితో ఉంటాడు, పక్కనున్న ఫ్రెండ్ జవాబిస్తాడు. పోలీసు కేసంటే వైద్యం ఆలస్యమవుతుందేమోనన్న భయమో, కారాయన పక్కనే నిలబడి ఉన్నాడన్న మొహమాటమో, 'సైకిల్ మీంచి పడ్డాడండీ' అనేస్తాడు. డాక్టర్ అదే రాస్తారు. ఆ ఒక్క లైను పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ 'ఇది తనంతట తాను పడిన కేసు, కారుకి సంబంధం లేదు' అని వాదిస్తాడు. నిజానికి ఆ భయం అక్కర్లేదు. పోలీసు ఫార్మాలిటీల కోసం ఎమర్జెన్సీ వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి మొదటి 7 రోజుల్లో 1.5 లక్షల వరకు నగదు లేని వైద్యం అందించే కేంద్ర పథకం కూడా ఉంది. 112కి ఫోన్ చేస్తే ఆ పథకంలో ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో చెబుతారు.

మీ సభ్యుడి విషయంలో ఆ లైను ఇప్పుడు మార్పించబోకండి. దిద్దిన రికార్డు మనకే ఎదురు తిరుగుతుంది. దాని పక్కన నిజం చెప్పే మిగతా కాగితాలు చేర్చాలి. క్యాజువాలిటీ రిజిస్టర్లో 'తీసుకొచ్చినవారు' అని ఒక కాలమ్ ఉంటుంది. కారాయనే తీసుకెళ్లాడన్నారు కాబట్టి అక్కడ ఆయన పేరు ఉండే అవకాశం ఎక్కువ. మొదటి బిల్లు ఆయన ఫోన్‌పే నుంచో కార్డు నుంచో కట్టుంటే ఆ రసీదు దొరుకుతుంది. తనంతట తాను పడిన మనిషికి ముక్కూమొహం తెలియనాయన బిల్లు ఎందుకు కడతాడు? ఆ ప్రశ్నకి ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర జవాబుండదు. ఆయన మీ సభ్యుడికి చేసిన ఫోన్ల లిస్టు, పంపిన మెసేజీలు ఏవీ డిలీట్ చేయకండి. ఆ పొద్దున మీ వాట్సాప్ గ్రూపులో 'ఫలానా చోట కారు గుద్దింది' అని ఎవరో పెట్టే ఉంటారు. టైముతో సహా ఆ మెసేజీ విలువైనది. రైడ్ దారినీ వేగాన్నీ నమోదు చేసే స్ట్రావా యాప్‌లో రైడ్ హఠాత్తుగా ఆగిపోయిన చోటు కూడా పనికొస్తుంది. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయర్ చూసుకుంటారు, మీరు ఒరిజినల్ ఫోన్ దాచిపెడితే చాలు.

దారిలో పెట్రోలు బంకు, షాపు, అపార్ట్‌మెంటు ఏదైనా ఉంటే ఈ రోజే వెళ్లి సీసీ కెమెరా గురించి అడగండి. చాలాచోట్ల పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంటుంది. దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు.

సైకిల్ రిపేరుకి ఇచ్చామని రాశారు. వెంటనే ఫోన్ చేసి పని ఆపించండి. విడిభాగాలు మార్చేసి ఉంటే పాతవి పారేయకుండా తెచ్చుకోండి. ఇలాంటి కేసుల్లో ఇన్సూరెన్స్ లాయర్ వేసే మొదటి ప్రశ్న నాకు కంఠతా వచ్చు: 'సైక్లిస్టు ఒక్కసారిగా కుడివైపుకి తిప్పాడు కదా?' దానికి వెనక చక్రమే సాక్ష్యం. నేరుగా వెనక నుంచి తగిలితే రిమ్ వెనకభాగం లోపలికి నొక్కుకుపోతుంది, చక్రానికి అటూ ఇటూ ఉండే సన్న గొట్టాలు ముందుకి వంగుతాయి. పక్కకి తిప్పినప్పుడు తగిలితే దెబ్బ వాలుగా ఉంటుంది, చక్రం ఒక పక్కకి మెలి తిరుగుతుంది, పెడల్ వైపు గీతలు పడతాయి. సైకిల్ని నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ, వెనక చక్రం దగ్గరగానూ ఫొటోలు తీయండి. కారు ముందు బంపర్ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మంచిది.

ఎఫ్‌ఐఆర్ విషయానికొస్తే, ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇవ్వండి. గాయపడినాయనే ఇవ్వాలని లేదు, ఆయన వెనకే వస్తూ కళ్లారా చూసిన సభ్యుడు ఇవ్వొచ్చు. ఆలస్యం ఎందుకైందో ఉన్నదున్నట్టు రాయండి: ఆపరేషన్ జరిగింది, డ్రైవర్ ఖర్చులన్నీ భరిస్తానన్నాడు, ఆ మాట నమ్మి ఆగాం, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ 20,000 సంగతి దాచొద్దు. చివరి పరిహారంలో దాన్ని తగ్గించినా నష్టం లేదు, దాచి తర్వాత బయటపడితే మొత్తం కేసు మీదే నమ్మకం పోతుంది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. ప్రమాదంలో చిక్కుకున్న కుటుంబం ముందు ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంది కానీ స్టేషన్‌కి పరిగెత్తదని కోర్టులకీ తెలుసు.

స్టేషన్లో 'డబ్బులు తీసుకున్నారుగా, రాజీ రాసుకోండి' అని అనొచ్చు. మర్యాదగానే కాదనండి. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం అది తీవ్ర గాయం. నిర్లక్ష్యంగా బండి నడిపి తీవ్ర గాయం చేస్తే 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు, ర్యాష్ డ్రైవింగ్‌కి 281వ సెక్షన్ వేరే ఉంది. ఇంకా కేసు తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) ప్రకారం ఫిర్యాదుని రాతపూర్వకంగా ఎస్పీకి పంపొచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ప్రమాదం చేసిన డ్రైవర్ 24 గంటల్లోగా పోలీసులకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. గాయపడినాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి ఆయన సగం బాధ్యత నెరవేర్చాడు, మిగతా సగం వదిలేశాడు. ఆ మంచిపని ఒప్పుకుంటూనే కేసు పెట్టొచ్చు. నిజానికి పరిహారం కట్టేది ఆయన జేబులోంచి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. ఈ ముక్క ఫోన్లో చెబితే చాలామంది డ్రైవర్లు మెత్తబడతారు. ఆయన ఎత్తకపోతే ఒక మెసేజ్ పెట్టండి.

కారు నంబరు ఉంది కాబట్టి ఎంపరివాహన్ యాప్‌లో పాలసీ నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. ఎఫ్‌ఐఆర్ అయ్యాక పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికని ట్రిబ్యునల్‌కి, అంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకి పంపాలి, పూర్తి నివేదిక 90 రోజుల్లో ఇవ్వాలి. 2022 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. దాని మీదే ఆధారపడి కూర్చోకుండా మీ తరఫున కూడా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం పిటిషన్ వేయండి. చట్టంలో గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. ప్రమాదం జరిగిన చోటో, మీ సభ్యుడు ఉండే చోటో, కారు యజమాని ఉండే చోటో, ఎక్కడ వీలైతే అక్కడి ట్రిబ్యునల్లో వేయొచ్చు.

ఇంకో దారి అదే చట్టంలోని 164వ సెక్షన్. అక్కడ తప్పెవరిదో నిరూపించక్కర్లేదు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు అని చట్టమే రాసి పెట్టింది. కానీ ఆ దారిలో డబ్బు తీసుకుంటే 166 పిటిషన్ చెల్లదు. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. సాక్ష్యం బలహీనంగా ఉండి, గాయం త్వరగా మానేదైతే 164 మేలు. మీ సభ్యుడి కేసులో కళ్లారా చూసినవాళ్లున్నారు, కుడిచేతి వాటం మనిషికి కుడి భుజమే దెబ్బతింది, నెలల తరబడి జీతం నష్టం. నేనైతే 166 వైపే మొగ్గుతాను. అక్కడ వైద్యం ఖర్చు, ఆగిపోయిన జీతం, ముందు ముందు అయ్యే వైద్యం, పడిన బాధ, పని సామర్థ్యం తగ్గితే భవిష్యత్తు సంపాదన, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పు ఈ లెక్కకి ఆధారం. ఫిజియోథెరపీ రసీదులు, ఆటో ఛార్జీలు, ఆఫీసు నుంచి సెలవుల లెటరు, మూడు నెలల పే స్లిప్పులు ఒక ఫైల్లో పెట్టుకుంటూ వెళ్లమనండి. లాయర్ ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100.

ఇప్పుడు క్లబ్బు సంగతి. ఆదివారం రైడ్లు, కొత్తవాళ్లకి గేర్లు నేర్పడం, బ్రెవేలకి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లకి తయారుచేయడం, జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం జరపడం, అందరూ ఇవన్నీ చేస్తారు. నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైన పని రైడ్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు పట్టేది. అందరి సైకిళ్లూ వరసగా నిలబెట్టి, వెనక ఎర్ర లైట్లు వెలిగించి, వెనక నుంచి ఒక ఫొటో తీయండి. టైముతో సహా గ్రూపులో పెట్టండి. తెల్లవారుజామున జరిగిన ప్రతి కేసులోనూ ఎదుటిపక్షం 'చీకట్లో లైటు లేకుండా వచ్చాడు' అంటుంది. లైటు లేదని తేలితే కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్, అంటే గాయపడినాయన తప్పు కూడా కొంత ఉందన్న లెక్క కింద పరిహారంలో కొంత శాతం కోసేస్తారు. ఆ ఫొటో ఉంటే వాదన అక్కడికక్కడే ఆగిపోతుంది. పైగా ఫొటో తీస్తారని తెలిస్తే ఎవరూ లైటు ఛార్జింగ్ పెట్టడం మర్చిపోరు. ప్రాణం కాపాడేదీ కేసు నిలబెట్టేదీ అదే లైటు. 200 కిలోమీటర్ల బ్రెవేకి ముందూ వెనకా లైట్లూ రిఫ్లెక్టర్ జాకెట్టూ అడుగుతున్నారంటే ఊరికే కాదు.

ముందు ఒక లీడర్, అందరికంటే వెనక ఒక స్వీప్ ఉండాలి. ప్రమాదం జరిగితే స్వీప్ అక్కడే ఉండి బండి నంబరు, డ్రైవర్ మొహం, రోడ్డు ఫొటోలు తీయాలి. ఇంకొకరు అంబులెన్స్‌లో వెళ్లి, క్యాజువాలిటీలో 'వెనక నుంచి ఫలానా నంబరు కారు గుద్దింది' అని చెప్పాలి, డాక్టర్ అదే రాశారో లేదో చూడాలి. ఈ రెండు పనులూ ఎవరెవరివో ముందే పేరు పెట్టి ఉంచండి. రోడ్డు మీద రక్తం చూశాక ఎవరికీ బుర్ర పనిచేయదు. దారినపోయేవాళ్లెవరైనా సాయం చేస్తే వాళ్లని పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. ఆ మాట చెప్పి ధైర్యం ఇస్తే చాలామంది తమంతట తామే నంబరు ఇస్తారు.

క్లబ్బు మీదికేమైనా వస్తుందా? మీరు చెప్పినదాన్ని బట్టి రావడానికి కారణం కనిపించడం లేదు. కారు తప్పుకి రైడ్ పెట్టినవాళ్లు బాధ్యులు కారు. మీరే ఎవరినైనా ప్రమాదంలోకి నెడితే అది వేరు: బ్రేకులు పనిచేయని సైకిల్ అద్దెకిచ్చి పంపడం, సైకిళ్లని నిషేధించిన ఎక్స్‌ప్రెస్‌వే మీదికి రూటు వేయడం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలని రానివ్వరు, సైకిలుకీ అక్కడ చోటు లేదు. దాని పక్కనే 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. తొక్కితే అక్కడ తొక్కాలి.

'ఏం జరిగినా నాదే బాధ్యత' అని సంతకం పెట్టించుకునే ఫారాల మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని అది కడిగేయదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సంతకం అసలే చెల్లదు, తల్లిదండ్రుల అనుమతి కాగితం కావాలి. వాట్సాప్ గ్రూపుగా ఉన్నంతకాలం చట్టం ముందు క్లబ్బుకి సొంత ఉనికి ఉండదు, ఏదొచ్చినా ముందు నిలబడినవాళ్ల మీదికే వస్తుంది. నలభై మంది అయ్యారంటున్నారు కాబట్టి సొసైటీగా రిజిస్టర్ చేసుకోండి, ఏడుగురు సభ్యులుంటే చాలు. జెండా ఊపి, ఫీజు తీసుకుని పెట్టే ఈవెంట్లకి పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక్కోసారి ఎదుట మోటారు వాహనమే ఉండదు. గుంతలో పడ్డా, కుక్క అడ్డొచ్చినా, ఇంకో సైకిల్ తగిలినా ట్రిబ్యునల్‌కి సంబంధం లేదు. కాబట్టి ప్రతి సభ్యుడికీ సొంత ప్రమాద బీమా ఉండాల్సిందే. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే, లేదా పూర్తి శాశ్వత వైకల్యం వస్తే 2 లక్షలు ఇస్తుంది. ఎముక విరిగితే అందులో ఏమీ రాదు కాబట్టి దానికి తోడు ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ చూసుకోండి. గుద్దిన బండి ఏదో అసలు తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టాలి. తక్కువే, కానీ ఉందని తెలియక వదిలేసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి.

చివరగా మీ సభ్యుడికి ఒక మాట. కేసు పడ్డాక లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకుందామని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కబురు రావచ్చు. లోక్ అదాలత్ మంచిదే, డబ్బు త్వరగా చేతికొస్తుంది. అయితే అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. ఒప్పుకునే ముందు సర్జన్‌ని మూడు సంగతులు అడిగి రాయించుకోమనండి: ప్లేట్ మళ్లీ తీయాలా, తీస్తే ఎంతవుతుంది, చెయ్యి భుజం పైకి ఎంతవరకు లేస్తుంది. ఆ మూడో దాన్ని బట్టే మెడికల్ బోర్డు వైకల్య శాతం ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ చేతికి రాకముందు వాళ్లు ఎంత ఇస్తామన్నా సంతకం పెట్టొద్దు.